ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లేవని రిపోర్టు: కీమోనా, పెంబ్రోనా, రెండు యాంటీబాడీలా?

పల్లె_డాక్టర్
46 ఏళ్ల ఆవిడ, 52 కిలోలు. సీకమ్‌లో (కుడివైపు పెద్దపేగు మొదటి భాగం) గడ్డ, లివర్‌లో మూడు మచ్చలు, బయాప్సీలో ఎడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్). ఐహెచ్‌సీలో (కణాల్లో ప్రోటీన్లకి రంగు వేసి చూసే పరీక్ష) డీఎన్ఏ తప్పులు దిద్దే నాలుగు ప్రోటీన్లలో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లేవు, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఉన్నాయి, అంటే డీ-ఎంఎంఆర్ (ఆ దిద్దుబాటు పోయిన గడ్డ). బీరాఫ్ జీన్ టెస్టు చేయలేదు, కేరాస్ జీన్ రిపోర్టు రావాలి. ఒకచోట ఫోల్‌ఫాక్స్ (కీమో) ప్లస్ బెవాసిజుమాబ్ (బెవా) రాశారు. ఇంకోచోట పెంబ్రోలిజుమాబ్ (పెంబ్రో, ఇమ్యునోథెరపీ యాంటీబాడీ) ఒక్కటే చాలన్నారు. మూడోచోట నివోలుమాబ్ (నివో), ఇపిలిముమాబ్ (ఇపి) అనే రెండు యాంటీబాడీలు కలిపి ఇవ్వాలన్నారు. ఇంట్లోవాళ్లేమో "పేగు క్యాన్సర్ వంద శాతం మాయం" అనే వీడియో పట్టుకుని నాలుగో మందు పేరు చెబుతున్నారు. బెవా కూడా యాంటీబాడీయే కదా, అది ఇమ్యునోథెరపీ కాదా అని వాళ్ల ప్రశ్న. పొలం అమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. అమ్మించే ముందు ఏం చూసుకోవాలో చెప్పండి.

లెక్కల_మాస్టారు
వీడియోలో మందు డోస్టార్లిమాబ్ అయి ఉంటుంది. అది న్యూయార్క్ స్లోన్ కెటరింగ్‌లో చేసిన ట్రయల్, 2022లో వచ్చింది. మొదట 12 మంది, అందరికీ రెక్టమ్‌లో (పెద్దపేగు చివరి భాగం) గడ్డ, అందరూ డీ-ఎంఎంఆర్, ఎవరికీ లివర్‌కి పాకలేదు. 500 మి.గ్రా. మూడు వారాలకోసారి, 9 డోసులు. 2025 నాటికి రెక్టమ్ వాళ్లు 49 మంది పూర్తి చేస్తే 49 మందిలోనూ గడ్డ కనబడకుండా పోయింది. వంద శాతం నిజమే, ఆ 49 మందికి. స్టేజ్ 4 సీకమ్‌కి ఆ అంకె తెచ్చి అతికించకూడదు.

స్లైడ్_శాస్త్రి
మందు సంగతి తర్వాత. ముందు ఆ ఐహెచ్‌సీ స్లైడు మళ్లీ చూపించండి. మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క లేదు: ఇంటర్నల్ కంట్రోల్ వెలిగిందా? గడ్డ పక్కన ఉండే లింఫోసైట్లు, స్ట్రోమా కణాలు, మామూలు గ్రంథుల కేంద్రకాలు గోధుమ రంగుకి రావాలి. అవి రంగు పట్టి క్యాన్సర్ కణాలు మాత్రమే నీలంగా మిగిలితేనే "లేదు" అని రాయాలి. రెండూ నీలంగా ఉంటే అది స్టెయిన్ ఫెయిల్, డీ-ఎంఎంఆర్ కాదు.

ఎందుకు ఫెయిలవుతుందంటే ఎక్కువసార్లు ఫార్మలిన్ దగ్గర. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, 72 దాటకుండా ఉండాలి. చిన్న ఊళ్ల నుంచి బయాప్సీ సెలైన్‌లో వచ్చేవి ఉన్నాయి, డబ్బాలో నాలుగు రోజులు ఊరినవీ ఉన్నాయి.

పల్లె_డాక్టర్
రిపోర్టులో కంట్రోల్ ప్రస్తావన లేదు సార్. నాలుగు పేర్లు, ఎదురుగా "రిటెయిన్డ్", "లాస్", అంతే.

స్లైడ్_శాస్త్రి
అయితే బ్లాకు (మైనంలో ఉంచిన బయాప్సీ ముక్క), స్లైడ్లు బయటికి తీయించండి. అది పేషెంట్ హక్కు, ల్యాబ్ ఇవ్వాల్సిందే. అదే బ్లాకు మీద పీసీఆర్‌తో ఎంఎస్ఐ (డీఎన్ఏలో దిద్దని తప్పుల జాడ వెతికే పరీక్ష) కూడా చేయించండి. ఐదు మార్కర్లలో రెండు లేదా అంతకంటే ఎక్కువ కదిలితే ఎంఎస్ఐ-హై. రెండు పరీక్షలూ ఒకే మాట చెబితే నిశ్చింత.

ఎంఎల్‌హెచ్1 పోతే దానికి జతగా ఉండే పీఎంఎస్2 కూడా నిలవదు, కాబట్టి మీ రిపోర్టులో ఉన్న జత నమ్మదగిన జతే. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్6 పోయాయి అని అడ్డదిడ్డంగా వస్తే అప్పుడు ఇంకా అనుమానించాలి. ఇంకోటి, రెక్టమ్ కేసుల్లో రేడియేషన్, కీమో అయ్యాక తీసిన ముక్క మీద ఎంఎస్‌హెచ్6 రంగు తగ్గి మోసం చేస్తుంది. వైద్యానికి ముందు తీసిన బయాప్సీ మీదే చేయించాలి.

గుంటూరు_ఘాటు
ఇంత చాదస్తం అవసరమా శాస్త్రిగారూ? ఐహెచ్‌సీ బాగానే చేస్తున్నారు ఇప్పుడు. పీసీఆర్‌కి ఇంకో పది రోజులు పోతాయి, లివర్ మచ్చలు ఆగవు కదా.

లెక్కల_మాస్టారు
చాదస్తం కాదు ఘాటన్నా. చెక్‌మేట్ 8హెచ్‌డబ్ల్యూ అనే ట్రయల్‌లో స్థానిక ల్యాబ్ రిపోర్టు చూసి 303 మందిని రెండు యాంటీబాడీలకీ కీమోకీ మధ్య పంచారు. సెంట్రల్ ల్యాబ్‌లో మళ్లీ నిర్ధారణ అయింది 255 మందికే. మిగతా అన్నీ తప్పు రిపోర్టులని కాదు, కానీ ఆరింట ఒక వంతు అంటే చిన్న సంగతేం కాదు. ఫ్రాన్స్‌లో 2019లో ఇంకోటి చూశారు: యాంటీబాడీకి మొదటి నుంచీ లొంగని 5 కేసుల బ్లాకులు మళ్లీ తీస్తే, వాటిలో 3 అసలు డీ-ఎంఎంఆరే కాదు.

గుంటూరు_ఘాటు
సరే, 3/5 చూశాక నోరు మూస్తున్నా. కానీ ఆ పది రోజులూ ఖాళీగా కూర్చోబెట్టొద్దు. మిగతా రక్త పరీక్షలు ఈలోపే అవ్వాలి.

హ్యూస్టన్_తెలుగోడు
బెవా ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు. పేగు క్యాన్సర్‌లో వాడే యాంటీబాడీలు మూడు పనులు చేస్తాయి. బెవాసిజుమాబ్ గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టించే వీఈజీఎఫ్‌ని పట్టుకుంటుంది. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ కణం మీది ఈజీఎఫ్ఆర్‌ని మూస్తాయి, రాస్ జీన్ మారి ఉంటే దండగ, కుడివైపు పేగు గడ్డల్లో రాస్ బాగున్నా మొదటి వరసలో పెద్దగా పనిచేయవు. ఈవిడది సీకమ్ కాబట్టి ఆ దారి దాదాపు మూసినట్టే. పెంబ్రో, నివో, డోస్టార్లిమాబ్ మాత్రం గడ్డని తాకవు. టీ-కణం మీద ఉన్న పీడీ-1 అనే బ్రేకుని పట్టుకుని లాగేస్తాయి. ఇపిలిముమాబ్ ఇంకో బ్రేకు, సీటీఎల్ఏ-4.

బ్రేకు తీసినా టీ-కణానికి కనబడేదేదైనా ఉండాలి. డీ-ఎంఎంఆర్ గడ్డలో డీఎన్ఏ నకలు తీసేటప్పుడు పడిన తప్పులు దిద్దే యంత్రం లేదు కాబట్టి వింత ప్రోటీన్లు కుప్పలుగా తయారవుతాయి, టీ-కణాలు వాటిని పరాయివని గుర్తుపడతాయి. పేగు క్యాన్సర్లన్నిట్లో డీ-ఎంఎంఆర్ సుమారు 15 శాతం, స్టేజ్ 4లో 5 శాతం లోపు. మిగతా ఎంఎస్ఎస్ (దిద్దే యంత్రం బాగున్న గడ్డ) వాళ్లకి పీడీ-1 యాంటీబాడీ ఒక్కటే ఎక్కిస్తే డబ్బు, సమయం రెండూ పోతాయి. పోల్ జీన్ మారిన అరుదైన కేసులు వేరు.

నీలిగీత
పీడీ-ఎల్1 (పీడీ-1కి అతుక్కునే ప్రోటీన్) టెస్టు కూడా రాస్తుంటారే కొన్నిచోట్ల?

హ్యూస్టన్_తెలుగోడు
ఊపిరితిత్తుల క్యాన్సర్ అలవాటు. పేగు క్యాన్సర్‌లో దాన్నిబట్టి మందు నిర్ణయించరు. ఆ డబ్బు పీసీఆర్‌కి పెట్టమనండి.

లెక్కల_మాస్టారు
అసలు ప్రశ్నకి వద్దాం. కీనోట్ 177 అనే ట్రయల్: డీ-ఎంఎంఆర్ స్టేజ్ 4లో 307 మంది, మొదటి వరసలోనే పెంబ్రో వర్సెస్ కీమో. రోగం మళ్లీ పెరగకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 16.5 నెలలు వర్సెస్ 8.2. తీవ్రమైన దుష్ప్రభావాలు 22 శాతం వర్సెస్ 66. దాన్నిబట్టే అమెరికాలో 2020 జూన్‌లో మొదటి వరసకి అనుమతి వచ్చింది. కాబట్టి రిపోర్టు నిజమైతే ఫోల్‌ఫాక్స్ ప్లస్ బెవాతో మొదలుపెట్టడం నాకు నచ్చదు.

కానీ ఆ గ్రాఫులో ఒక మెలిక ఉంది. మొదటి కొన్ని నెలలు పెంబ్రో గీత కీమో గీత కంటే కిందే ఉంటుంది. మొదటి స్కాన్లలోనే రోగం పెరిగినవాళ్లు పెంబ్రోలో 29 శాతం, కీమోలో 12. తర్వాతే గీతలు దాటుకుంటాయి.

గుంటూరు_ఘాటు
అందుకే రెండు యాంటీబాడీలు. 8హెచ్‌డబ్ల్యూలో నివో ప్లస్ ఇపితో 24 నెలలకి రోగం పెరగనివాళ్లు 72 శాతం, కీమోతో 14. ఆ తొలి పతనం అక్కడ లేదు. నివో ఒక్కదానితో పోల్చినా 36 నెలలకి 68 వర్సెస్ 51. 46 ఏళ్ల మనిషికి ఒకటే మందుతో సరిపెట్టడం ఏం న్యాయం?

హ్యూస్టన్_తెలుగోడు
న్యాయం సరే, ఒంటరి నివోతో తీవ్ర దుష్ప్రభావాలు 14 శాతమైతే జంటతో 22. మా దగ్గర నేనూ జంటే ఇస్తాను. కానీ పదిహేను రోజులకోసారి ఆంకాలజిస్టు వచ్చే ఊళ్లో, రాత్రి పన్నెండింటికి విరేచనాలు మొదలైతే గుర్తుపట్టేవాళ్లు ఎవరు? మందు బలం ఎంతో, చూసుకునే మనుషుల బలం అంత ఉండాలి. పైగా ట్రయల్‌లో ఉన్నది నివో, మన దగ్గర రాసేది తరచూ పెంబ్రో. పెంబ్రో, నివో ఎదురెదురుగా పోటీ పడలేదు.

ఫార్మా_పద్మ
ఇపి ముందు దొరుకుతుందో లేదో ఫార్మసీలో కనుక్కోండి, ఆ తర్వాత వాదించుకోండి. దొరికితే లెక్క ఇది: నివో 240 మి.గ్రా. ప్లస్ ఇపి కిలోకి 1 మి.గ్రా., మూడు వారాలకోసారి నాలుగుసార్లు, ఆ తర్వాత నివో ఒక్కటే 480, నాలుగు వారాలకోసారి. ఈవిడకి ఇపి 52 మి.గ్రా. వస్తుంది, వయల్ 50. రెండు మి.గ్రా. కోసం రెండో వయల్ విప్పించే మహానుభావులు ఉన్నారు. పది శాతం లోపు సర్దుబాటు అందరూ ఒప్పుకునేదే, 50కి దించి రాయమనండి.

పల్లె_డాక్టర్
20 మి.గ్రా. నివోతో చవకగా అవుతుందని కూడా ఒకరన్నారు.

లెక్కల_మాస్టారు
అది టాటా మెమోరియల్ వాళ్ల పని, మంచి పని. కానీ తల, మెడ క్యాన్సర్లో. 151 మంది, నోటి మాత్రల కీమోకి 20 మి.గ్రా. నివో కలిపితే ఏడాది బతికినవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. అక్కడ పోటీ మాత్రలతో, పూర్తి డోసుతో కాదు. డీ-ఎంఎంఆర్ పేగు క్యాన్సర్లో పూర్తి డోసు ఏళ్ల తరబడి రోగాన్ని అణచి ఉంచుతోంది. అక్కడ 20 పెట్టి చూడ్డానికి నాకు ధైర్యం చాలదు.

గుంటూరు_ఘాటు
మాస్టారూ, రిసెప్టర్లు నిండడానికి కిలోకి 0.3 మి.గ్రా. చాలని ఫార్మకాలజీ చెబుతోంది. ఏమీ ఇవ్వకపోవడం కంటే 20 నయం కదా.

లెక్కల_మాస్టారు
"ఏమీ లేదు" తో పోలిస్తే నయమే. పూర్తి డోసు కొనగలిగినవాళ్లకి దాన్ని అమ్మకూడదు. ఆ రెండు వాక్యాలూ ఒకే ప్రిస్క్రిప్షన్‌లో పట్టవు.

ఫార్మా_పద్మ
20కీ 200కీ మధ్య దారి ఉంది. పెంబ్రో మొదట్లో కిలోకి 2 మి.గ్రా. లెక్కనే వచ్చింది. 200 ఫ్లాట్ డోసు తర్వాత పెట్టింది. రక్తంలో మందు స్థాయిలు రెంటికీ దగ్గరగానే ఉంటాయి, కెనడాలో ఇప్పటికీ కిలోకి 2, గరిష్ఠం 200 అనే ఇస్తారు. 52 కిలోలకి 104, అంటే 100 మి.గ్రా. వయల్ ఒక్కటి. ఖర్చు సగం. కీనోట్ 177లో 200 ఇచ్చారన్నది నిజమే, పేషెంట్‌కి అది చెప్పే చేయాలి.

కలిపేటప్పుడు జాగ్రత్త: తుది గాఢత మి.లీ.కి 1 నుంచి 10 మి.గ్రా. మధ్య ఉండాలి. 100 మి.గ్రా. అంటే 4 మి.లీ. దాన్ని 100 మి.లీ. సెలైన్ బ్యాగులో పోస్తే 0.96కి పడిపోతుంది, బ్యాగులో ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇంకా కిందికి. 50 మి.లీ. బ్యాగు వాడండి. వయల్ ఊపొద్దు, నురగ వస్తే ప్రోటీన్ చెడుతుంది. నెమ్మదిగా తిప్పాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు, ఫ్రీజర్ గోడకి ఆనించొద్దు. కలిపాక బయట 6 గంటలే.

డ్రిప్పు_సిస్టర్
లైనులో 0.2 నుంచి 5 మైక్రాన్ల ఫిల్టర్ ఉన్న సెట్ పెట్టాలి, 30 నిమిషాల్లో ఎక్కించాలి, అయిపోయాక సెలైన్‌తో లైను కడగాలి. వేరే మందేదీ అదే లైనులో కలపకూడదు. ఇంకో పెద్ద సమస్య: కీమో వార్డు అలవాటు కొద్దీ ముందు ఎవిల్ (అలర్జీ మందు), డెక్సోనా (డెక్సా అనే స్టెరాయిడ్) వేసేస్తారు. పెంబ్రోకి ముందుమందు అక్కర్లేదు. టీ-కణాలని లేపే మందు ఇచ్చే ముందు వాటిని నిద్రపుచ్చే స్టెరాయిడ్ ఎందుకు? ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో "డెక్సా వద్దు" అని రాయించండి.

నీలిగీత
ఖాళీ వయల్స్ సంగతి కూడా చెప్పండి పద్మగారూ.

ఫార్మా_పద్మ
2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా చేసింది అదే. వాడేసిన ఇమ్యునోథెరపీ వయల్స్ కొని, లోపల ఫంగస్ మందు నింపి మళ్లీ అమ్మారు. అందుకని: అధికారిక డిస్ట్రిబ్యూటర్ బిల్లు, బిల్లు మీద బ్యాచ్ నంబరు, వయల్ మీద అదే నంబరు, మూత సీలు పేషెంట్ మనిషి కళ్లముందే తీయాలి. అయిపోయాక లేబుల్ మీద మార్కర్‌తో గీత కొట్టి, అక్కడే పారేయించండి. "సగం ధరకి మా వాడి దగ్గర దొరుకుతుంది" అనేవాడికి దూరం. కంపెనీల పేషెంట్ సపోర్ట్ పథకాలు ఉంటాయి, మొదటి డోసు కొనకముందే నియమాలు అడగండి.

కత్తిపీట
సర్జన్ మాట ఒకటి. సీకమ్ గడ్డ అడ్డుపడి పేగు మూసుకుపోయే స్థితిలో ఉందా? వాంతులు, పొట్ట ఉబ్బరం, సీటీలో ఉబ్బిన చిన్నపేగు ఉంటే, యాంటీబాడీ పనిచేసేదాకా ఆగలేం. ముందు బైపాసో స్టోమానో (పొట్ట మీద మలానికి దారి) చేసి దారి వదలాలి. అడ్డు లేకపోతే నన్ను తొందరపెట్టొద్దు. నెదర్లాండ్స్‌లో నిచ్-2 అని చేశారు, పాకని డీ-ఎంఎంఆర్ కోలన్ గడ్డలకి. ఇపి ఒక్క డోసు, నివో రెండు డోసులు, ఆరు వారాల్లోపు ఆపరేషన్. తీసిన పేగులో 68 శాతం మందికి ఒక్క బతికున్న క్యాన్సర్ కణమూ లేదు. ఈవిడ స్టేజ్ వేరు, కానీ గడ్డ ఎంత వేగంగా కరగగలదో తెలుస్తుంది. లివర్ మచ్చలు మూడే అంటున్నారు కాబట్టి ఆరు నెలల తర్వాత ఒకసారి మాకు చూపించండి.

స్లైడ్_శాస్త్రి
కత్తిపీటగారి మాటకి తోక: స్కాన్‌లో మచ్చ మిగిలినంత మాత్రాన క్యాన్సర్ మిగిలినట్టు కాదు. ఈ గడ్డలు చచ్చాక జిగురు చెరువులా మిగిలిపోతాయి, సీటీకి తేడా తెలియదు.

పల్లె_డాక్టర్
మొదలుపెట్టే ముందు రక్త పరీక్షలు ఏవేవి?

డ్రిప్పు_సిస్టర్
మా చెక్‌లిస్టు: సీబీపీ, లివర్, క్రియాటినిన్, షుగర్, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఉదయం కార్టిసాల్, సీఈఏ (క్యాన్సర్ మార్కర్), ఈసీజీ. హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీతో పాటు యాంటీ-హెచ్‌బీసీ, హెచ్‌సీవీ, హెచ్ఐవీ. ఛాతీ సీటీ, టీబీకి ఇగ్రా. ప్రతి డోసు ముందు లివర్, క్రియాటినిన్, షుగర్. టీఎస్‌హెచ్ ఆరు వారాలకోసారి. మామూలుగా రోజుకి ఎన్నిసార్లు మలవిసర్జనకి వెళ్తారో కూడా మొదటిరోజే రాసిపెట్టండి, ఇది ఎవరూ రాయరు.

గుంటూరు_ఘాటు
అది ఎందుకో చెప్పండి సిస్టర్, జనం నవ్వుతారు.

డ్రిప్పు_సిస్టర్
కొలైటిస్ (ఈ మందుల వల్ల వచ్చే పేగు వాపు) గ్రేడు మామూలు కంటే ఎన్నిసార్లు ఎక్కువ అన్నదాన్నిబట్టే. నాలుగు లోపు ఎక్కువైతే గ్రేడ్ 1, 4 నుంచి 6 గ్రేడ్ 2, 7 లేదా అంతకంటే ఎక్కువైతే గ్రేడ్ 3. మొదటి అంకె లేకపోతే తీసివేత ఎలా చేస్తారు? నవ్వనివ్వండి.

హ్యూస్టన్_తెలుగోడు
విరేచనాలు మొదలైతే మందుల షాపులో లోపరమైడ్ కొని మింగేస్తారు, అసలు రోగం దాని కింద దాక్కుంటుంది. గ్రేడ్ 2 అయితే పెంబ్రో ఆపి, ప్రెడ్నిసొలోన్ కిలోకి 1 మి.గ్రా. గ్రేడ్ 3 అయితే అడ్మిట్, ఐవీ మిథైల్‌ప్రెడ్ కిలోకి 1 నుంచి 2. 3 నుంచి 5 రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకి 5, లేదా వెడోలిజుమాబ్ 300. లివర్ ఎంజైములు కూడా పెరిగి ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వద్దు, వెడో వాడండి.

గుంటూరు_ఘాటు
ఇక్కడ మీతో గొడవే అన్నా. హ్యూస్టన్‌లో అది సరే. మన దగ్గర స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు అమీబా చూడకపోతే పేగు చిల్లుపడి కత్తిపీటగారి బల్ల మీదికి వెళ్తారు. అమీబిక్ కొలైటిస్‌కి స్టెరాయిడ్ ఇవ్వడం చాలా ప్రమాదం. మలం వెచ్చగా ఉండగానే, అరగంట లోపు మైక్రోస్కోపు కింద పెట్టాలి, లేదా యాంటీజెన్ టెస్టు. దాంతోపాటు కల్చర్, సీ-డిఫ్ (పేగు బ్యాక్టీరియా) టెస్టు. ఒక్కరోజు పని.

హ్యూస్టన్_తెలుగోడు
గొడవ లేదు, ఒప్పుకుంటున్నా. అయితే ఆ ఒక్కరోజు మూడు రోజులు కాకూడదు. గ్రేడ్ 3 అయితే శాంపిళ్లు తీసిన వెంటనే సిగ్మాయిడోస్కోపీ (పేగు చివరి భాగం కెమెరాతో చూడడం), బయాప్సీ. ఎక్కువ కేసుల్లో ఎడమవైపు పేగులోనే దొరుకుతుంది, పూర్తి కొలనోస్కోపీ కోసం ఆగక్కర్లేదు.

ఫార్మా_పద్మ
స్టెరాయిడ్ నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా దించాలి. విరేచనాలు ఆగాయని వారంలో ఆపేస్తే మళ్లీ మొదలు. ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా. పైన నాలుగు వారాలు దాటేట్టుంటే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కలపండి. మరో మాట, ఇంట్లో "ఇమ్యూనిటీ కోసం" తిప్పతీగ కషాయం తాగుతున్నారేమో గట్టిగా అడగండి. కోవిడ్ రోజుల్లో ముంబైలో తిప్పతీగ వల్ల ఆటోఇమ్యూన్ లాంటి హెపటైటిస్ కేసులు నమోదయ్యాయి. లివర్ ఎంజైములు ఏఎల్‌టీ, ఏఎస్‌టీలు పెరిగినప్పుడు పెంబ్రో వల్లో కషాయం వల్లో తేల్చుకోలేక చస్తాం.

కత్తిపీట
అడిగితే "అబ్బే, మందులేం వాడట్లేదు డాక్టరుగారూ" అంటారు. తిప్పతీగ మందు కాదు వాళ్ల లెక్కలో. పేరు పెట్టే అడగాలి.

స్లైడ్_శాస్త్రి
బీరాఫ్ మర్చిపోకండి. ఎంఎల్‌హెచ్1 పోయిన కేసులో బీరాఫ్ వీ600ఈ ఉంటే అది దాదాపు వంశపారంపర్యం కాదు. లేకపోతే ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ (జీన్ రసాయనికంగా మూసుకుపోవడం) చూడాలి, అదీ లేకపోతే లించ్ సిండ్రోమ్ (పేగు, గర్భసంచి క్యాన్సర్లు తెచ్చే వంశపారంపర్య లోపం) కోసం రక్తంలో జీన్ టెస్టు. 46 ఏళ్లకే వచ్చింది కాబట్టి నేనైతే జీన్ టెస్టు దాకా వెళ్తాను. తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, ఒక్కొక్కరికీ సగం అవకాశం. ఎంఎల్‌హెచ్1 అయితే 20 నుంచి 25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ. ఇంట్లో గర్భసంచి క్యాన్సర్ ఎవరికైనా ఉందా అని అడిగారా?

పల్లె_డాక్టర్
పీసీఆర్ వచ్చింది: ఐదులో నాలుగు కదిలాయి, ఎంఎస్ఐ-హై. స్లైడు వేరే ల్యాబ్‌లో చూపిస్తే కంట్రోల్ బాగానే వెలిగిందన్నారు. బీరాఫ్ నెగెటివ్, మిథైలేషన్‌కి పంపాం. ఆవిడ తల్లి గర్భసంచి క్యాన్సర్‌తో పోయారట, అడిగితే ఇప్పుడు చెప్పారు. సీటీలో అడ్డు లేదు. ఇపి సరఫరా మీద భరోసా ఇవ్వలేకపోయారు, ఆంకాలజిస్టు పెంబ్రో 100 మి.గ్రా. మూడు వారాలకోసారి అని ఖాయం చేశారు, డోసు సంగతి వాళ్లకి చెప్పే. మొదటి స్కాన్ ఎప్పుడు? ఎన్నాళ్లు?

లెక్కల_మాస్టారు
9 వారాలకి స్కాన్. మచ్చలు కొంచెం పెరిగి మనిషి బాగుంటే వెంటనే ఆపొద్దు, 4 నుంచి 8 వారాల్లో మళ్లీ తీసి నిర్ధారించుకోండి. మచ్చలు పెరిగి బరువు, ఆకలి కూడా పడిపోతుంటే అది నిజమైన పెరుగుదలే, నివో-ఇపి జంటకో కీమోకో మారాలి. అంతా బాగుంటే ట్రయల్‌లో 35 డోసులు, రెండేళ్లు. ఆపేశాక కూడా నెలల తరబడి కొలైటిస్, థైరాయిడ్ రావచ్చు, మందు సగం తగ్గడానికే మూడు వారాలు పడుతుంది.

డ్రిప్పు_సిస్టర్
నీరసం, తలనొప్పి, బీపీ తగ్గడం వస్తే కీమో నీరసం అనుకోకండి, ఆవిడకి కీమో లేదు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4తో పాటు కార్టిసాల్ చూడండి. థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తక్కువైతే ముందు హైడ్రోకార్టిసోన్, తర్వాతే థైరాక్సిన్. తిరగేసి ఇస్తే మనిషి కుప్పకూలతారు. కార్టిసాల్ ఉదయం 8 గంటలకే తీయించండి, మధ్యాహ్నం తీసిన అంకె చూపించి అడిగితే ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేరు.